ఊళ్ళో జనం నిజంగా బాగున్నారా లేదా, కొలవాలంటే ఏం చేయాలి

మొన్న డిగ్రీ చదివే పిల్లలు నలుగురు ఇంటికొచ్చి, అక్కా మా ఊళ్ళో జనం ఎంత బాగున్నారో సర్వే చేద్దామనుకుంటున్నాం, గూగుల్ ఫామ్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదురా అని కూర్చోబెట్టి మధ్యాహ్నం దాకా మాట్లాడాను. ఇంటింటికీ తిరిగి సర్వేలు చేయడం నాకు పన్నెండేళ్ళ అలవాటు, తప్పులు చేసి నేర్చుకున్నవే ఎక్కువ, అందుకని వాళ్ళకి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నా, పంచాయతీలో పనిచేసే కుర్రాళ్ళకో కాలనీ అసోసియేషన్ వాళ్ళకో పనికొస్తుందని.

ముందు ఒక సంగతి చెప్తా. ప్రకాశం జిల్లాలో ఒక ఊరు, వసారాలో నులక మంచం మీద ఒక మామ్మ, డెబ్బై దాటాయి, పక్కనే కొడుకు నిలబడి ఉన్నాడు. నేల మీద సుద్దముక్కతో పది మెట్ల నిచ్చెన గీసి, మామ్మా, పైమెట్టు అంటే నీకు ఇంతకన్నా మంచి బతుకు ఉండదు అన్నట్టు, కింద నేల అంటే ఇంతకన్నా ఘోరం ఉండదు అన్నట్టు, ఇప్పుడు నువ్వు ఏ మెట్టు మీద ఉన్నావో ఈ చింతపిక్క పెట్టి చూపించు అన్నా. కొడుకు మొహం వంక ఒకసారి చూసి ఏడో మెట్టు మీద పెట్టింది. "నాకేం తక్కువ అమ్మాయ్, బాగానే చూసుకుంటారు" అంది. కొడుకు నాకు మంచినీళ్ళు తేవడానికి లోపలికెళ్ళాడు. మామ్మ మంచం మీంచి వంగి ఆ పిక్కని వేలితో మెల్లగా జరిపి మూడో మెట్టు మీద పెట్టి నా వంక చూసింది, లోపల చెంబు చప్పుడు కాగానే మళ్ళీ ఏడుకి జరిపేసింది. ఒక్క మాట మాట్లాడలేదు.

ఆరోజు నా ఫారంలో ఏడు అనే రాసుకుని వచ్చా. అది తప్పు. ఆ మూడు కాగితం మీదకి రావాలంటే సర్వే ఎలా చేయాలి అన్నదే ఇప్పుడు చెప్పబోయేదంతా.

మొదటి పని, బాగుండటం అంటే మీరు దేన్ని అనుకుంటున్నారో తేల్చుకోండి, దీన్ని దాటేసి ప్రశ్నలు రాయడానికి కూర్చోవద్దు. మన భాషలోనే ఎన్ని మాటలున్నాయో చూడండి, క్షేమం వేరు, సుఖం వేరు, సంతోషం వేరు, తృప్తి వేరు, మనశ్శాంతి వేరు. పాత ఉత్తరాల్లో ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాసేవాళ్ళు, దానర్థం ఎవరికీ ప్రాణం మీదకి రాలేదు, అందరూ తిరుగుతున్నారు అనే గానీ సంతోషంగా ఉన్నామని కాదు. తెలంగాణ వైపు నిమ్మళంగ ఉన్నవా అని అడిగితే అది ఇంకోటి, అప్పుల గోల లేకుండా గుండెల్లో దడ లేకుండా ఉన్నావా అని. ఈ అన్నిటినీ ఒకే ప్రశ్నలో కుక్కి మీరు సంతోషంగా ఉన్నారా, అవును కాదు, అని పెడితే వచ్చే జవాబు దేనికీ పనికిరాదు, పదిమందిలో తొమ్మిదిమంది బాగానే ఉన్నాం అంటారు, మనం పెరిగిందే అలా, ఇంటి సంగతి బయట చెప్పుకోకూడదు అని.

నేను దీన్ని మూడు మూటలు చేసుకుంటా. ఒకటి, ఇంట్లో ఏముంది ఏం లేదు. రెండు, రోజు ఎలా గడుస్తోంది. మూడు, వాళ్ళకి ఏమనిపిస్తోంది. ఈ మూడూ విడివిడిగా కొలవాలి, చివర్లో కూడా కలిపేసి ఒక్క అంకె చేయకూడదు.

మూడో మూట ఒక్కటే చాలదా, వాళ్ళ బతుకు గురించి వాళ్ళకన్నా ఎవరికి తెలుసు అని పిల్లల్లో ఒకబ్బాయి అడిగాడు, మంచి ప్రశ్న. దీనికి ఆర్థికవేత్త అమర్త్య సేన్ చెప్పిన ఉదాహరణ ఒకటుంది. బెంగాల్ కరువు తర్వాత ఏడాది, 1944లో, కలకత్తా దగ్గర సింగూరులో ఆరోగ్యం మీద సర్వే చేశారు. భార్య పోయిన మగవాళ్ళలో 48.5 శాతం మంది మా ఒంట్లో బాగాలేదు, లేదంటే అంతంతమాత్రంగా ఉంది అన్నారు, భర్త పోయిన ఆడవాళ్ళలో ఆ మాట అన్నవాళ్ళు 2.5 శాతమే. ఆ రోజుల్లో ఆ ఆడవాళ్ళు ఏం తిని ఎలా బతికారో మనకి తెలియనిది కాదు. వాళ్ళ ఆరోగ్యం బాగుండి కాదు, నాకు బాగాలేదు అని చెప్పుకునే హక్కు తమకి ఉందని కూడా అనిపించక. ఇప్పటికీ అంతే కదా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రాలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం, అంటే సగం కన్నా ఎక్కువమంది, వాళ్ళని వెళ్ళి అడగండి, నీరసమా అదేముందమ్మా అందరికీ ఉండేదే అంటారు. అందుకే అడిగి రాసుకున్నది ఒకవైపు, కళ్ళతో చూసి లెక్కపెట్టింది ఇంకోవైపు, రెండూ పక్కపక్కన ఉండాలి.

సరే, మొదటి మూట. చాలామంది ఇక్కడ నెలకి ఆదాయం ఎంత అని మొదలుపెడతారు. అడగొద్దు. గుమ్మంలో నిలబడగానే వాళ్ళ మొదటి ప్రశ్న ఏ పథకానికి రాసుకుంటున్నారు అని, తెల్లకార్డు పోతుందేమోనని ఆదాయం తగ్గించి చెప్తారు, ఫ్రిజ్ ఉన్నా లేదంటారు, అందులో వాళ్ళ తప్పేం లేదు. పైగా సంపాదన లెక్కతో జనం బాగు తెలియదని, దేశాదాయం లెక్కలు కట్టిన సైమన్ కుజ్నెట్స్ 1934లోనే అమెరికా సెనేట్‌కి ఇచ్చిన రిపోర్టులో హెచ్చరించాడు. ఆ తర్వాత 1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్, సేన్ లాంటి వాళ్ళు కలిసి మానవాభివృద్ధి సూచిక తెచ్చారు, ఆయుర్దాయం, చదువు, ఆదాయం మూడూ కలిపి. దేశాలకి రాష్ట్రాలకి అది పనికొస్తుంది గానీ ఒక ఊరికి వాడొద్దు, ఏడాదికి పదో పదిహేనో చావులు జరిగే ఊళ్ళో ఆయుర్దాయం లెక్క కట్టలేం.

ఊరికి సరిపోయేది బహుముఖ పేదరిక సూచిక, ఇది ఇంటింటికీ లెక్క కట్టేది. మన నీతి ఆయోగ్ వాడేదాంట్లో 12 అంశాలున్నాయి, ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణం ఒక్కోదానికి మూడో వంతు బరువు. పోషకాహారం 1/6, పిల్లల మరణాలు 1/12, గర్భిణిగా కాన్పప్పుడు అందిన వైద్యం 1/12, చదివిన ఏళ్ళు 1/6, పిల్లలు బడికి పోవడం 1/6, మిగతా ఏడూ, వంట ఇంధనం, మరుగుదొడ్డి, తాగునీళ్ళు, కరెంటు, ఇల్లు, సామాన్లు, బ్యాంకు ఖాతా, ఒక్కోటి 1/21. ఏది లేకపోతే దాని బరువు కూడుకుంటూ పోవడమే, మొత్తం మూడో వంతు అంటే 33.3 శాతానికి చేరితే ఆ ఇల్లు పేద ఇల్లు కింద లెక్క.

చేసి చూపిస్తా. ఒక ఇంట్లో బాబు సన్నగా పోషణ లేకుండా ఉన్నాడు, 1/6 అంటే వందకి 16.7. కట్టెల పొయ్యి, 1/21 అంటే 4.8. పైన రేకులు, కింద మట్టినేల, ఇంటి కింద 4.8. మరుగుదొడ్డి లేదు, 4.8. మొత్తం 31, అంటే ఈ ఇల్లు పేద కాదు అని వస్తుంది! ఇప్పుడు మంచినీళ్ళు అడగండి, బావికెళ్ళి తిరిగి రావడానికి అరగంట పైన పడుతుంది అంటే ఇంకో 4.8, దాదాపు 36, గీత దాటేసింది. చూశారా, ఒక్క నీళ్ళ ప్రశ్న మీరు సరిగ్గా అడగకపోతే, ట్యాప్ ఉందా ఉంది అని టిక్కు పెట్టుకుని వచ్చేస్తే, ఆ ఇల్లు లెక్కలోంచే మాయం. అందుకని ట్యాప్ ఉందా అని కాదు, ఎన్నింటికి వస్తాయి, ఎన్ని బిందెలు, ఎవరు తెస్తారు, ఎంతసేపు పడుతుంది అని అడగండి. గ్యాస్ విషయంలో కూడా అంతే, సిలిండర్ ఉందా అని కాదు, పొద్దున అన్నం దేని మీద వండారు అని, చాలా ఇళ్ళలో సిలిండర్ మూలన పెట్టి పైన గుడ్డ కప్పి ఉంటుంది, పెరట్లో పొయ్యి మీద మసి తాజాగా ఉంటుంది.

పిల్లల పోషణ కళ్ళతో చూసి చెప్పొద్దు. అంగన్‌వాడీ టీచర్ని బతిమాలుకుని జబ్బ చుట్టుకొలత టేపు అడగండి, 6 నెలల నుంచి 5 ఏళ్ళ లోపు పిల్లలకి ఎడమ చేతి పైభాగం మధ్యలో చుట్టాలి, 12.5 సెంటీమీటర్లకన్నా తక్కువ ఉంటే పోషణ లోపం, 11.5 కన్నా తక్కువైతే తీవ్రమైనది, అప్పుడు సర్వే సంగతి పక్కన పెట్టి ఆ పిల్లని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపించే పని చూడండి. పెద్దవాళ్ళకైతే నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏమేం తిన్నావమ్మా అని ఒక్కొక్కటే చెప్పించుకోండి. ఆడవాళ్ళకి 10 ఆహార రకాల లెక్క ఒకటుంది, ధాన్యం దుంపలు, పప్పులు, పల్లీలు నువ్వుల్లాంటి గింజలు, పాలు పెరుగు, మాంసం చేప, గుడ్లు, ఆకుకూరలు, పసుపు నారింజ రంగు కూరగాయలు పండ్లు, మిగతా కూరగాయలు, మిగతా పండ్లు. ఒక్కరోజులో కనీసం 5 రకాలు తినాలి. అన్నం, పప్పుచారు, మజ్జిగ అంటే మూడే. పచ్చడి నంజుకున్నది లెక్కలోకి రాదు, ఒక పెద్ద చెంచాడు అయినా తింటేనే. ఇంటాయన తిన్నదీ ఆమె తిన్నదీ ఒకటే అనుకోవద్దు, గుడ్డు కూర వండిన ఇంట్లోనే చివర్లో కూర్చున్న ఆవిడకి పులుసు మాత్రమే మిగలడం నేను చాలాసార్లు రాసుకున్నా.

రెండో మూట, నా దృష్టిలో అన్నిటికన్నా నిజం చెప్పేది ఇదే, ఎందుకంటే దీంట్లో ఎవరికీ సిగ్గు ఉండదు, దాచేదీ ఉండదు. రోజు లెక్క. మన దేశంలో 2019లో చేసిన కాల వినియోగ సర్వే పద్ధతే తీసుకోండి, నిన్న తెల్లవారుజామున 4 గంటల నుంచి ఈరోజు 4 గంటల దాకా అరగంటకొక గడి, మొత్తం 48 గడులు. కాగితం మీద ముందే గీసుకుని పోండి. నిన్న ఎన్నింటికి లేచావమ్మా, లేచి ఏం చేశావు, ఆ తర్వాత, ఆ తర్వాత, ఇంతే, ఇంకేం అడగక్కర్లేదు. ఏం పని చేస్తావు అని అడిగితే "ఏం చేయను, ఇంట్లోనే ఉంటా" అన్న మనిషికి 48 గడులు నింపాక ఖాళీగా కూర్చున్నవి రెండే కనపడతాయి, ఆమె కూడా ఆ కాగితం వంక ఆశ్చర్యంగా చూస్తుంది. ఆ 2019 సర్వేలోనే, ఇంటి చాకిరీ చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నట్టు తేలింది, అది కూడా అసలు ఆ పని ముట్టుకున్న మగవాళ్ళ లెక్కే. భూటాన్‌లో స్థూల జాతీయ ఆనందం అని 9 రంగాల్లో 33 సూచికలతో కొలుస్తారు కదా, వాళ్ళు ఆ తొమ్మిదిలో సమయాన్ని ఒక రంగంగా పెట్టుకున్నారు, పని గంటలూ నిద్ర గంటలూ లెక్కేస్తారు, అది నాకు చాలా నచ్చింది. నిద్ర ఎన్ని గడులో తప్పకుండా కూడి పక్కన రాయండి.

ఇక మూడో మూట, ఏమనిపిస్తోంది. పైన చెప్పిన నిచ్చెన నా సొంతం కాదు, హ్యాడ్లీ క్యాంట్రిల్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1965లో అచ్చువేసిన పద్ధతి, ఏటా వచ్చే ప్రపంచ ఆనంద నివేదికలో దేశాల ర్యాంకులన్నీ ఈ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడి ఉంటాయి. ఆదాయం ఆరోగ్యం అవినీతి అన్నీ కలిపి ర్యాంకు ఇస్తారని చాలామంది అనుకుంటారు, కాదు, అవి తేడాలు ఎందుకొచ్చాయో వివరించడానికి మాత్రమే. ఆనందం అన్న పేరు కూడా సరిగ్గా అతకదు, నిచ్చెన కొలిచేది సంతోషాన్ని కాదు, నా బతుకు ఎక్కడ నిలబడిందని నేను అనుకుంటున్నాను అన్నదాన్ని.

నిచ్చెన ప్రశ్న మొట్టమొదట అడగండి, పేరూ ఊరూ మాట్లాడాక వెంటనే. అప్పులు, జబ్బులు అడిగాక అడిగితే మార్కు పడిపోతుంది. అమెరికాలో గాలప్ అనే సంస్థ చేసే సర్వేలో రాజకీయాల ప్రశ్నలు ముందు పెట్టినప్పుడు జనం నిచ్చెన మీద కిందకి జారారని ఆంగస్ డీటన్ అనే ఆర్థికవేత్త 2012లో చూపించాడు, మనూళ్ళో అప్పు గురించి అడిగాక ఇంకెంత జారతారో ఊహించుకోండి. అంకెలు చెప్పమని అడగొద్దు, పదికి ఎన్ని మార్కులు అంటే పరీక్ష అనుకుని నవ్వేస్తారు లేదంటే భయపడతారు, నేల మీద గీసి పిక్క పెట్టమనండి. ఏ మెట్టు అని అడిగాక ఐదేళ్ళ కింద ఏ మెట్టు మీద ఉన్నావు, ఇంకో ఐదేళ్ళకి ఏ మెట్టు అనుకుంటున్నావు అని ఇంకో రెండు పిక్కలు ఇవ్వండి, అసలు కథలన్నీ అక్కడే బయటికొస్తాయి.

మనసు సంగతికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ ఐదు వాక్యాలు వాడండి, గడిచిన రెండు వారాల్లో ఉల్లాసంగా ఉన్నానా, ప్రశాంతంగా ఉన్నానా, ఒంట్లో చురుగ్గా ఉందా, పొద్దున లేస్తే నిద్ర తీరినట్టు తాజాగా ఉందా, రోజూ చేసే పనుల్లో నాకు ఆసక్తి కలిగించేవి ఉన్నాయా. అస్సలు లేదు అంటే 0, ఎప్పుడూ అంటే 5, మొత్తం కూడి 4తో గుణిస్తే 100కి వస్తుంది. 50 కన్నా తక్కువ వచ్చినవాళ్ళ విషయంలో జాగ్రత్త పడాలి, అది జబ్బు అని ముద్ర వేయడం కాదు, ఒకసారి డాక్టరు చూస్తే మంచిదని. ఎవరైనా మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడిస్తే పెన్ను కింద పెట్టేయండి, ఫారం తర్వాత. మనసు బాగాలేనివాళ్ళు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్, దాని నంబరు 14416 ఒక చిన్న చీటీ మీద రాసి జేబులో పెట్టుకుని పోండి, ఉచితం, ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు ఆ మామ్మ సంగతికి వద్దాం. ఆరోజు నేను చేసిన తప్పు ఏంటంటే ఒక్కదాన్నే వెళ్ళడం. అప్పట్నుంచి ఇద్దరం వెళ్తున్నాం, ఒకళ్ళు వసారాలో ఇంటాయనతో పొలం, కౌలు, పంట గురించి అడుగుతూ కూర్చుంటే ఇంకొకళ్ళు పెరట్లోకో వంటింటి గుమ్మం దగ్గరకో వెళ్ళి ఆడవాళ్ళతో మాట్లాడతారు, ముసలివాళ్ళతో విడిగా. ఆడవాళ్ళని ఆడపిల్లలే అడగాలి. కోడలితో మాట్లాడేటప్పుడు అత్తగారికి వినపడకూడదు, అత్తగారితో మాట్లాడేటప్పుడు కోడలికి వినపడకూడదు. ఇంటికి ఒకరిని అడిగి ఇల్లంతా అలాగే ఉంది అని రాస్తే అది ఇంటి పెద్ద బాగు, అంతే. పేర్లు రాయొద్దు, ఆధార్ ముట్టుకోవద్దు, ఇంటి నంబరు బదులు మీ సొంత నంబరు వేసుకోండి, ఇష్టం లేకపోతే ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పక్కర్లేదు అని ముందే చెప్పండి, నిజంగానే ఊరుకోండి.

ఏ ఇళ్ళకి వెళ్ళాలి అన్నది ఇంకో గొడవ. సర్వేవాళ్ళు చాలామంది రామాలయం దగ్గర బండి ఆపి చుట్టూ ఉన్న ఇరవై ఇళ్ళు చేసి, ఎండ ముదిరిందని ఎస్సీ కాలనీకి, ఊరవతల తండాకి వెళ్ళకుండా తిరిగిపోతారు. ముందు ఊరంతా నడిచి ప్రతి బజారూ కాగితం మీద గీయండి, 300 ఇళ్ళుండి మీకు 60 కావాలంటే ప్రతి ఐదో ఇల్లు, మొదటిది చీటీ తీసి ఎంచుకోండి. తాళం వేసి ఉంటే పక్కింటికి పోవద్దు, సాయంత్రం మళ్ళీ రండి, కూలికెళ్ళిన ఇళ్ళే పగలు తాళం వేసి ఉంటాయి, వాటిని వదిలేస్తే కూలీలు మీ లెక్కలో ఉండరు. 100 మందిని అడిగితే కూడా శాతాల్లో పది అటూ ఇటూ తేడా ఉంటుందని గుర్తుంచుకోండి, 52కి 55కి మధ్య తేడా చూసి ఊరు బాగుపడిందని రాయకండి. సంక్రాంతి వారం వద్దు, పిల్లలు ఊళ్ళనుంచి వచ్చి అందరూ పై మెట్ల మీద ఉంటారు, మళ్ళీ చేసేటప్పుడు కూడా అదే నెలలో చేయండి.

లెక్కలు తీశాక సగటు రాసి వదిలేయొద్దు. సగం మంది 9లో సగం మంది 3లో ఉన్నా సగటు 6, అందరూ 6లో ఉన్నా సగటు 6, ఈ రెండు ఊళ్ళూ ఒకటేనా? ఏ మెట్టు మీద ఎంతమందో చూపించండి, 4, అంతకన్నా కింద ఎవరున్నారో, వాళ్ళు ఏ బజారు, ఆడా మగా, వయసెంత అని విడదీయండి. నిచ్చెన మీద ఎక్కువ పెట్టి తిండి రకాలు మూడు దాటనివాళ్ళు, నిద్ర ఐదు గంటలు దాటనివాళ్ళు ఉంటే వాళ్ళ ఫారాలు పక్కకి తీసి మళ్ళీ చదవండి, సింగూరు ఆడవాళ్ళు వాళ్ళే.

ఆ తర్వాత ఆ లెక్కలు ఆ ఊళ్ళోవాళ్ళకే చదివి వినిపించండి, పీపీటీ చేసి కాలేజీలో చూపించుకుని ఊరుకోవద్దు. ఎవరి ఇల్లో తెలియకుండా బజార్ల వారీగా చెప్తే చాలు. ఒక ఊళ్ళో మేం పంచాయతీ దగ్గర చార్టు కట్టి 48 గడుల బొమ్మ చూపించాం, ఆడవాళ్ళ పని గడులన్నీ తెల్లవారుజామున 4 గంటలకే మొదలవుతున్నాయి, మగవాళ్ళవి ఆరుకి. ఎందుకు అని సర్పంచి గారే అడిగారు. వెనకనుంచి ఒకావిడ "ఆ టైముకే గదా నీళ్ళొదిలేది" అంది. ట్యాంకు ఆపరేటర్ని పిలిచి అడిగితే ఎప్పట్నుంచో అదే టైము, ఎవరూ మార్చమనలేదు అన్నాడు. ఆ వారం నుంచి ఆరింటికి వదులుతున్నారు. ఫిబ్రవరిలో మళ్ళీ ఆ ఊరు వెళ్తున్నాం, అవే ఇళ్ళకి, ముందు నింపేది నిద్ర గడులే.